గేలెన్ విసరని పదమూడో పాసు

మేసా, అరిజోనా
1979 సెప్టెంబరు 5

లీలాండ్‌కి,

ఇక్కడ నేను క్షేమం. నా ఊపిరితిత్తులు సగం క్షేమం. ఎడారి గాలికి ఉబ్బసం తగ్గుతుందని నన్నిక్కడికి తోలిన డాక్టరు మాత్రం హాయిగా నెబ్రాస్కాలోనే కూర్చున్నాడు. పక్కింటి మిసెస్ విట్కాంబ్ రోజూ నాలుగింటికి వచ్చి, లారీ నడిపే తన కొడుకు ఏ రాష్ట్రంలో ఏం తిన్నాడో చెప్పిపోతుంది. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆల్జీబ్రా చెప్పి కూడబెట్టుకున్న ఓర్పంతా ఆవిడ దగ్గరే కరిగిపోతోంది.

మీ బడి జట్టు మొదటి ఫుట్‌బాల్ ఆట లెక్కల కార్బన్ కాపీ నిన్న అందింది. మీ ఆవిడ డార్లీన్ అంకెలు ముత్యాల్లా వేస్తుందని చెప్పు. అంకెలు బాగానే ఉన్నాయి, అవి చెప్పే సంగతే బాగాలేదు. గేలెన్ వాస్ పద్నాలుగు సార్లు బంతి విసిరాడు. మనవాళ్ళు పట్టుకున్నవి మూడు, అవతలివాళ్ళు పట్టుకున్నవి రెండు. ఇంకొక్కటి అటు పడి ఉంటే వాణ్ణి రెండు జట్లకూ ఉమ్మడి క్వార్టర్‌బ్యాక్ అని పిలవాల్సి వచ్చేది. ఆఖరి నాలుగు నిమిషాలూ పదో క్లాసు కుర్రాడు, ఆ కర్ట్ టెసార్‌ని దింపావు. వాడు ఐదు విసిరితే నాలుగు మనవాళ్ళ చేతుల్లో పడ్డాయి. మనకొచ్చిన ఆరు పాయింట్లూ అప్పుడొచ్చినవే.

మిసెస్ విట్కాంబ్‌కి ఫుట్‌బాల్ అంటే బొత్తిగా తెలియదు. "క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరండీ?" అంది. "ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. విసరాలో, పక్కవాడికి అందించాలో, తనే పట్టుకుని పరిగెత్తాలో తేల్చేది వాడే" అన్నాను. "అయితే చెయ్యి బాగున్నవాణ్ణే పెట్టుకోవచ్చుగా?" అంది. జీవితంలో ఒక్క ఆట చూడని మనిషికి ఇంత చప్పున తట్టింది. పదహారేళ్ళుగా కోచ్‌గిరీ వెలగబెడుతున్న నీకెందుకు తట్టదు?

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోన్ చెయ్యకు, నాకు వినపడదు, నువ్వు అరిస్తే నాకు కోపమొస్తుంది.

నీకు ఆల్జీబ్రాలో ఎనభై రెండు మార్కులు వేసినందుకు చింతిస్తున్న
అల్బీనా అత్త


డ్రై ఫోర్క్, నెబ్రాస్కా
1979 సెప్టెంబరు 9

అత్తా,

నా తొమ్మిదో ఏట అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను పెంచినదానివి. తిట్టే హక్కు నీకుంది. కాకపోతే ఆ హక్కు ఇప్పుడు ఊళ్ళో వెయ్యిన్నర మందీ పంచుకున్నారు. ఆర్నీ కుచేరా సెలూన్లో జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చుంటే, మెడకి గుడ్డ కట్టేసి పారిపోవడానికి వీల్లేకుండా చేసి మరీ మొదలుపెట్టాడు. "కోచ్, ఆ టెసార్ కుర్రాడి చెయ్యి చూశావా?" అని. కత్తెర వాడి చేతిలో ఉంది కాబట్టి చూశానన్నాను.

మొన్న శుక్రవారం గెలిచాం, ఎనిమిది–ఆరు. మన రక్షణవాళ్ళ పుణ్యం. గేలెన్ పది విసిరాడు, మూడు పడ్డాయి. వాడే ఆడతాడు. ఎందుకని అడగకు. గేలెన్‌కి ఇది బడిలో ఆఖరి ఏడాది. పొద్దున్నే ఐదింటికి లేచి పందులకు మేత వేసి, ఆరున్నరకల్లా మైదానంలో ఉంటాడు. నేను పిల్లలకి డ్రైవింగ్ పాఠాలు చెప్పి వచ్చేసరికి మళ్ళీ అక్కడే ఉంటాడు.

డార్లీన్ శనివారాలు వంటింటి బల్ల మీద ఆట ఫిల్మ్ ఆడించి ఈ లెక్క రాస్తుంది. ఒక కాగితం నా సొరుగులో ఉంటుంది, కింద కార్బన్‌ది నీకు వస్తుంది. ఇంకెవరికీ చూపించం. నీకూ ఆపేద్దామనుకున్నాను గానీ డార్లీన్ ఊరుకోలేదు. "ముప్పయ్యేళ్ళు బడి జట్టు లెక్కలు రాసిన మనిషి, అవి లేకపోతే ఎండిపోతుంది" అంది.

మీ
లీలాండ్


మేసా
1979 సెప్టెంబరు 19

లీలాండ్‌కి,

పొద్దున్నే లేవడం, పందులకు మేత వెయ్యడం మంచి గుణాలే. క్వార్టర్‌బ్యాక్‌కి కావలసింది ఇంకోటి. మూడో ఆటలో గేలెన్ పదమూడు విసిరాడట, పడ్డవి రెండు. మిసెస్ విట్కాంబ్ నిన్న మా చెత్తబుట్టలోకి నారింజ తొక్కలు విసిరితే ఐదింటికి మూడు పడ్డాయి. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు.

సూటిగా అడుగుతున్నాను. గేలెన్ తండ్రి ఫ్రాంక్ వాస్ బడి బోర్డులో ఉన్నాడు. నవంబరులో నిన్ను ఉంచాలా తియ్యాలా అని ఓటు వేసేవాళ్ళలో ఆయనొకడు. ఇందుకే అయితే చెప్పు, నేను పెంచిన పిల్లాడు ఇలా తయారయ్యాడని ఒకపూట ఏడ్చి ఊరుకుంటాను. ఇందుకు కాకపోతే మరి ఎందుకు?

డార్లీన్ పంపిన గసగసాల కొలాచె బన్నులు అందాయి. మూడు పొడైపోయాయి, చెంచాతో తిన్నాను.

అత్త


డ్రై ఫోర్క్
1979 సెప్టెంబరు 23

అత్తా,

ఫ్రాంక్ వాస్ నాతో మాట్లాడి నెలయింది. ఆయన్ని చూసి నేను భయపడుతున్నానని నువ్వు అనుకోగలిగావంటే, ఇక ఈ సంగతి మనమధ్య రాసుకోకపోవడమే మంచిది. మొన్న మళ్ళీ ఓడిపోయాం. లెక్క ఇందులో పెట్టాను. ఆట గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు.

లీలాండ్


డ్రై ఫోర్క్
1979 అక్టోబరు 7

అత్తా,

పోయిన ఉత్తరంలో దురుసుగా రాశాను, మనసులో పెట్టుకోకు. ఇప్పుడు నాకు నీ సలహా కావాలి.

గురువారం మన ఊరి వారపత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. కింద పేరు లేదు, 'పాత అభిమాని' అని ఉంది. మొదటి నాలుగు ఆటల్లో గేలెన్ విసిరినవి నలభై తొమ్మిది, మనవాళ్ళకి చిక్కినవి పదకొండు అంటూ మొదలుపెట్టి, ఆఖర్న "కోచ్ ష్రామెక్ మంచివాడే, మంచితనానికి పాయింట్లు ఇవ్వరు" అని ముగించాడు. ఆ మాట ఇప్పుడు ఊరందరి నోళ్ళలోనూ నానుతోంది. పచారీ కొట్లో డబ్బులు తీసుకునే పిల్ల కూడా నాకు వినపడేలా అంది.

మర్నాడు శుక్రవారం ఓడిపోయాం. శనివారం లేచి తలుపు తీసేసరికి ఇంటి ముందు గడ్డిలో ఏడు 'ఇల్లు అమ్మబడును' బోర్డులు పాతి ఉన్నాయి. ఓడిన కోచ్‌కి ఇది మామూలేలే, నాకు ముందున్న బర్డెట్ గారికి కూడా యాభై ఎనిమిదిలో పాతారు. ఆయనకి నాలుగే. నావాటిలో ఒకటి పాస్టరు గారు నిజంగానే అమ్మకానికి పెట్టిన ఇంటి ముందు నుంచి పీక్కొచ్చింది. ఆయన వచ్చి దాన్ని పట్టుకుపోతూ, "దేవుడు నీకు తోడుంటాడు లీలాండ్. నువ్వు కర్ట్‌ని దింపు" అన్నాడు.

డార్లీన్ పైకి నవ్వుతోంది గానీ కిటికీ తెరలు తియ్యడం మానేసింది. ఓటు నవంబరు ఐదున. దానికి మూడు రోజుల ముందు ఆర్లిస్ ఊరి జట్టుతో ఆఖరి ఆట. నన్ను తీసేస్తే ఒమాహాలో విత్తనాల కంపెనీకి ఊరూరా తిరిగి మొక్కజొన్న గింజలు అమ్మాలి. నలభై అయిదేళ్ళకి ఇంకో పని నాకు రాదు. నాకు ఈ ఊరు కావాలి అత్తా, ఈ పిల్లలు కావాలి.

ఆ ఉత్తరం రాసింది ఆర్నీయేనని నా అనుమానం. నువ్వేమంటావు?

లీలాండ్


మేసా
1979 అక్టోబరు 11

నాయనా లీలాండ్,

నీ ఉత్తరం చదివి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బోర్డులు పాతేంత దూరం వెళతారా! ఎంత సిగ్గులేని ఊరు!

ఆ రాసిన మనిషి ఎవరో గానీ మహా పాపిష్ఠి మనిషి. అయితే ఆర్నీ మాత్రం కాదు. ఆర్నీకి నేను రెండేళ్ళు ఆల్జీబ్రా చెప్పాను, వాడికి నలభై తొమ్మిదిలో పదకొండు ఎంత శాతమో తెలియదు. ఉత్తరం నేను చూడలేదనుకో, నువ్వు రాసిన రెండు ముక్కల్ని బట్టి చూస్తే చదువుకున్న మనిషే అనిపిస్తోంది. క్లుప్తంగా, తేటగా రాసినట్టుంది. మంచితనానికి పాయింట్లు ఇవ్వరన్న మాట బాగుంది కూడా. అంటే, బాగుందని కాదు. ఎవరికైనా గుచ్చుకుంటుందని నా ఉద్దేశం.

రాసిన మనిషికి నీమీద ద్వేషం ఉండకపోవచ్చు. ఎంత చెప్పినా వినని వాడికి నలుగురిలో చెబితేనైనా వింటాడేమోనని ఆశపడి ఉండొచ్చు. ఇంత గొడవవుతుందని అనుకుని ఉండకపోవచ్చు. ఇప్పుడు కూచుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తూ ఉండొచ్చు.

ఎవరు రాశారో వెతక్కు. వెతికి లాభమేముంది?

డార్లీన్‌కి నా ముద్దులు.
అత్త


డ్రై ఫోర్క్
1979 అక్టోబరు 14

అత్తా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈలోపే సోమవారం ఆర్నీ సెలూన్‌కి వెళ్ళి అందరిముందూ అడిగేశాను. "ఉత్తరం రాసేవాణ్ణయితే నా పేరు బండ అక్షరాల్లో వేసుకునేవాణ్ణి. నీకు భయపడేదెవడు?" అని నన్ను సగం కత్తిరించిన జుట్టుతో బయటికి గెంటాడు. మిగతా సగం డార్లీన్ వంటింటి కత్తెరతో తీసింది. కుడి చెవి మీద చిన్న గాటు పడింది. మంగళవారమే బడిలో గ్రూపు ఫోటో తీశారు. బడి వేసే ఈ ఏటి ఫోటోల పుస్తకంలో నేను చెవికి కట్టు కట్టుకుని ఉంటాను.

ఇంకో సంగతి. ఆ బోర్డులు చూసి ఒమాహా నుంచి ఒక పెద్దాయనా, ఆయన భార్యా తలుపు కొట్టారు. ఇల్లు నిజంగా అమ్మకానికి ఉందనుకున్నారు. డార్లీన్ కాదని చెప్పకుండా లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, గదులన్నీ చూపించింది. నేను ప్రాక్టీసు నుంచి వచ్చేసరికి ఆవిడ మా మంచం మీద కూర్చుని మెత్తగా ఉందో లేదో చూస్తోంది. వాళ్ళు వెళ్ళాక డార్లీన్, "ఈ ఊళ్ళో ఇంటికి గిరాకీ ఉంది, నీకే లేదు" అంది. నవ్వుతూనే అంది గానీ వాళ్ళ చిరునామా రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అతికించింది.

శుక్రవారం గెలిచాంలే. ఎవరికీ పట్టలేదు. రాసినవాడు దొరికితే బాగుండును అత్తా. కోప్పడను. ఎదురుగా కూర్చోబెట్టి, "నేను నీకేం చేశాను?" అని ఒక్కమాట అడుగుతాను.

లీలాండ్


మేసా
1979 అక్టోబరు 18

లీలాండూ,

ఇల్లు అమ్మొద్దు! ఆ చిరునామా ఫ్రిజ్ మీంచి పీకి పొయ్యిలో వెయ్యమని డార్లీన్‌కి చెప్పు. ఆర్నీతో వెంటనే రాజీపడు. వాడు నోటి దురుసే గానీ మనసు మంచిది. చెవికి బోరిక్ పౌడరు అద్దు.

నేను రెండు రోజులుగా భోజనం చెయ్యలేదు. మిసెస్ విట్కాంబ్ సూపు తెచ్చింది. అది సూపో, పాత్ర కడిగిన నీళ్ళో తేల్చుకోలేకపోయాను. ఊళ్ళో నీ పక్షాన రాసేవాళ్ళు కూడా ఉంటారు, ఓపిక పట్టు. ఈ వారం పత్రిక చూడు.

అత్త


డ్రై ఫోర్క్
1979 అక్టోబరు 21

అత్తా,

ఈ వారం పత్రిక చూడమన్నావు. చూశాను. నీకు ముందే ఎలా తెలిసిందో గానీ నా పక్షాన ఒక ఉత్తరం వచ్చింది. 'ఇంకో పాత అభిమాని' అట. కోచ్ ష్రామెక్ డ్రై ఫోర్క్ పుట్టాక పుట్టిన అతి గొప్ప కోచ్ అనీ, గేలెన్ బంతి విసరడంలో వెనకబడ్డా, తోటివాడు బంతితో పరిగెడుతున్నప్పుడు ఎదుటివాళ్ళని గుద్ది అడ్డు తొలగించడంలో వాణ్ణి మించినవాడు లేడనీ, ఈ ఏడాది అలా ముప్పయ్యొక్కమందిని పడగొట్టాడనీ, ఈ సంగతి అజ్ఞానులకు తెలియదనీ రాశాడు.

ఆ ముప్పయ్యొక్క అన్న అంకె నా సొరుగులో తప్ప ఎక్కడా లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. దాంతో ఆ ఉత్తరం నేనే రాసుకున్నానని తేల్చేశారు. శుక్రవారం మైదానంలోకి వస్తుంటే పైనుంచి ఎవడో, "అతి గొప్ప కోచ్ గారూ!" అని కేకేశాడు. ఆట ఓడాక ఆ కేక నాలుగొందలమంది అందుకున్నారు. మొన్నటిదాకా మొండివాణ్ణి. ఇప్పుడు మొండివాణ్ణి, పైగా సొంత డప్పు కొట్టుకునేవాణ్ణి. బోర్డులు పదకొండయ్యాయి.

నా పక్షాన ఇంకెవరూ రాయకుండా ఉంటే ఈ ఊళ్ళో ఇంకో రెండు వారాలు తలెత్తుకు తిరుగుతాను.

లీలాండ్


మేసా
1979 అక్టోబరు 24

లీలాండ్,

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

మొదటి ఉత్తరం నేనే రాశాను. రెండోదీ నేనే. మిసెస్ విట్కాంబ్ కొడుకు ఒమాహా వెళుతూ అక్కడి పోస్టు డబ్బాలో వేశాడు. నువ్వు ఆట గురించి రాయొద్దన్న ఉత్తరం చదివాక నాకు ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళు ఆ మైదానం అంచున చలిలో నిలబడి లెక్కలు రాసినదాన్ని, నోరు మూసుకోమంటే ఊరుకోలేకపోయాను. పత్రికకి రాస్తే వారం రోజుల్లో కర్ట్‌ని దింపుతావనుకున్నాను. బోర్డులు పాతుతారని అనుకోలేదు. ఆర్నీ సంగతి, నీ చెవి సంగతి, ఇంటి సంగతి అన్నీ నావల్లే. ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతానన్నావు. నువ్వు నాకేమీ చెయ్యలేదు. నాకు సిగ్గుగా ఉంది.

సిగ్గు పడుతున్నప్పుడే ఇంకోటి కూడా చెప్పేస్తాను, మళ్ళీ ధైర్యం రాదు.

యాభై ఒకటిలో నువ్వు బడిలో ఆఖరి ఏడాది క్వార్టర్‌బ్యాక్‌వి. ఆర్లిస్‌తో ఆఖరి ఆటకి నిన్ను బెంచి మీద కూర్చోబెట్టి బర్డెట్ గారు ఆ చిన్న కుర్రాణ్ణి దింపాడు. ఆ నిర్ణయం ఆయన నా కాగితం చూసి తీసుకున్నాడు. బుధవారం నన్ను పిలిచి, "అల్బీనా, మీ లీలాండ్ అంకెలు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. అంకెలు అబద్ధమాడవు, నేనూ ఆడలేదు. అంకెలు ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడను. ఆ ఆట గెలిచాం కూడా.

నేను బాధపడేది గురువారం గురించి. ఆరోజు రాత్రి నీకు బంగాళదుంపలు వేయించి పెట్టాను. రేపు అలా విసురుతాను, ఇలా విసురుతాను అని నువ్వు నోటినిండా పెట్టుకుని చెబుతున్నావు. నాకు తెలుసు. తెలిసీ ఉప్పు అందించాను. మర్నాడు బట్టలు మార్చుకునే గది తలుపు మీద అంటించిన కాగితంలో చూసి తెలుసుకున్నావు. ఇంటికొచ్చి నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ బంగాళదుంపలు నా గొంతులో అడ్డంపడి ఉన్నాయి.

నేను బడి బోర్డుకి నా పేరుతోనే రాసి అంతా ఒప్పుకుంటాను. నువ్వు సరేనంటే చాలు.

అత్త


మేసా
1979 నవంబరు 1

లీలాండ్,

పలకవేం? తిట్టయినా రాయి. డార్లీన్ చేతనయినా తిట్టించు. రేపే ఆర్లిస్‌తో ఆట. ఫోన్ చేసినా సరే, చెవి దగ్గర పెట్టుకుని నీ అరుపులు వింటాను.

అత్త


డ్రై ఫోర్క్
1979 నవంబరు 6

అత్తా,

ముందుగా, ఇరవై–పంతొమ్మిది. గెలిచాం. నువ్వు ఇది చదివి ఊపిరి పీల్చుకున్నాక మిగతాది చదువు.

పత్రికలో రాసింది నువ్వేనని నాకు అక్టోబరు పదమూడు నుంచీ తెలుసు. ఆ పాత అభిమాని అంకెలు తప్పని నిరూపిద్దామని ఆ శనివారం పాత ఫిల్ములన్నీ మళ్ళీ వేసి చూశాను. గేలెన్ నాలుగు ఆటల్లో విసిరినవి నలభై ఎనిమిదే. మూడో ఆటలో పన్నెండు విసిరాడు, పదమూడు కాదు. ఆ పదమూడోసారి బంతి చేతిలో ఉండగానే కాలు జారి పడ్డాడు. సరిగ్గా అప్పుడే డార్లీన్ పొయ్యిలోంచి ఆపిల్ కేకు తీస్తూ, కళ్ళు అటు పెట్టి చెయ్యి ఇటు పెట్టి గీత వేసేసింది. గేలెన్ విసరని ఆ పదమూడో పాసు ఈ లోకంలో రెండు కాగితాల మీదే ఉంది. ఒకటి నా సొరుగులో, రెండోది నీ దగ్గర. డార్లీన్ పొట్ట పట్టుకుని నవ్వింది. "అత్తయ్యకి చెప్పకు, ఇంకో వారం ఉడకనీ" అంది. ఆ సాయంత్రమే వెళ్ళి ఆర్నీకి క్షమాపణ చెప్పాను. నీకు మాత్రం రాయలేదు. నువ్వు "పాపిష్ఠి మనిషి" అని నిన్ను నువ్వే తిట్టుకుంటూ, "తేటగా రాసినట్టుంది" అని నిన్ను నువ్వే మెచ్చుకున్న ఉత్తరం డార్లీన్ తన వంటకాల చీటీల డబ్బాలో దాచుకుంది. పత్రికకి నువ్వు రాసిన రెండో ఉత్తరంతో మాత్రం మా ఇద్దరికీ నవ్వు ఆగిపోయిందిలే.

ఇక గేలెన్ సంగతి. నువ్వు అడిగినప్పుడల్లా కోపం తెచ్చుకున్నాను గదా. జవాబు లేక తెచ్చుకున్న కోపం అది. కర్టే మేలని నాకు రెండో వారానికే తెలుసు. గేలెన్‌తో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. తలుపు మీది కాగితం ముందు నిలబడ్డ నా మొహమే గుర్తొచ్చేది. ఒక పదిహేడేళ్ళవాడికి ఒక్క మాట చెప్పలేక ఊరందరితో పోట్లాడుతూ వచ్చాను. నేను చేసింది తప్పు, నీ అంకెలు రైటు.

నీ బంగాళదుంపల ఉత్తరం అక్టోబరు ఇరవై ఏడు, శనివారం అందింది. నువ్వు గురువారం నాడే చెప్పేసి ఉంటే నేనేం చేసేవాణ్ణా అని ఆలోచించాను. ఏడ్చేవాణ్ణి, ప్లేటు విసిరేసేవాణ్ణి, అదీ గురి తప్పేదేమో. కానీ మర్నాడు ఆ తలుపు దగ్గరికి తలెత్తుకుని వెళ్ళేవాణ్ణి. ఆదివారం చర్చి అవగానే వాస్‌ వాళ్ళ పొలానికి వెళ్ళాను. గేలెన్ పందులకు మేత వేస్తున్నాడు. పావుగంట సేపు వానల గురించి మాట్లాడాను. మొక్కజొన్న ధర గురించి మాట్లాడాను. ఒక పంది పేరు కూడా అడిగాను. చివరికి, "శుక్రవారం కర్ట్ ఆడతాడు గేలెన్, నువ్వు కాదు. నీకు ఇది కాగితం మీద చూసి తెలియకూడదని వచ్చాను" అన్నాను.

వాడు బకెట్ కింద పెట్టాడు. "నిజంగానా సార్?"

"నిజమే."

"హమ్మయ్య!" అని ఆ బకెట్ బోర్లించి దానిమీద కూలబడ్డాడు. "బంతి నా చేతికొస్తుంటే ఎటు విసరాలో తోచి చావదు సార్. సెప్టెంబరు నుంచీ సరిగా తిండే తినట్లేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పి చావవేంరా?"

"ఎలా చెప్పను సార్? ఊరంతా తిడుతున్నా మీరు నన్నే నమ్ముకున్నారు. మీ ఇంటి ముందు ఆ బోర్డులు చూసి మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు నేను వద్దంటే మీ పరువేం కావాలి?"

నేను వాడి కోసం, వాడు నా కోసం! ఇద్దరం కలిసి ఆరు ఆటలు ఓడాం. పందుల దొడ్లో నిలబడి ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. తర్వాత వాడు నెమ్మదిగా అన్నాడు, "నాకు గుద్దడం ఇష్టం సార్. ఆ రెండో ఉత్తరంలో మీరు రాశారుగా, ముప్పయ్యొక్కమంది అని. అది కత్తిరించి దాచుకున్నాను." నేను రాయలేదని చెప్పబోయి ఊరుకున్నాను. కాబట్టి అత్తా, నీ రెండో ఉత్తరం ఈ భూమ్మీద ఒక్కడికి నచ్చింది. శుక్రవారం ఆఖరి నిమిషంలో గేలెన్ ఆర్లిస్ వాళ్ళని ఇద్దర్ని ఒకేసారి పడగొట్టాడు. వాడి వెనకాల కర్ట్ బంతి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి గీత దాటాడు.

నిన్న బోర్డు కూర్చుంది. ముగ్గురు నన్ను ఉంచమన్నారు, ముగ్గురు తీసెయ్యమన్నారు. అందరూ ఫ్రాంక్ వాస్ వంక చూశారు. ఆయన కుర్చీలోంచి లేచి, "మావాడు పోయిన వారం ఆదివారం రెండు ప్లేట్ల భోజనం తిన్నాడు. రెండు నెలల తర్వాత. ఇంటికొచ్చి మొహం మీద చెప్పిన మనిషి ఇతను. ఉండనివ్వండి" అని కూర్చున్నాడు. నువ్వు బోర్డుకి ఏమీ రాయక్కర్లేదు. దయచేసి ఎవరికీ ఏమీ రాయకు. ఇంటి ముందు పాతిన బోర్డులన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ఒమాహా పెద్దాయనకి డార్లీన్ పాస్టరు గారి ఇల్లు చూపించింది. ఆర్నీ మాత్రం కర్ట్‌ని దింపించింది తనేనని కూర్చున్న ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

ఇక యాభై ఒకటి సంగతి. అంకెలు ఇచ్చింది నువ్వని నాకు అరవై మూడు నుంచీ తెలుసు. నాకు ఉద్యోగం అప్పగించినరోజు బర్డెట్ గారు నీ కాగితాన్ని నా చేతిలో పెట్టాడు. దాన్ని ఇందులో పంపుతున్నాను. అంకెలు అబద్ధమాడవు అని రాశావు. మరి చూడు. నేను ఆ ఏడాది విసిరితే మనవాళ్ళు పట్టినవి పంతొమ్మిది. ఒక్కొక్కటీ నాకు గుర్తుంది, ఎవరికైనా గుర్తుంటాయి. నీ కాగితం మీద ఇరవై ఒకటి వేశావు. బర్డెట్ గారు ఏమన్నాడో తెలుసా? "మీ అత్త జన్మలో రెండే రెండు తప్పులు చేసింది. రెండూ ఈ కాగితం మీదున్నాయి. ఎవరికోసం చేసిందో నీకు చెప్పక్కర్లేదనుకుంటాను" అన్నాడు.

నాకు నీమీద ఏ కోపమూ లేదు అత్తా. ఆ కాగితం చూసిన రోజునుంచీ లేదు. కడుపునిండా తిను.

నీ
లీలాండ్


మేసా
1979 నవంబరు 10

నాయనా,

కాగితం అందింది. మిసెస్ విట్కాంబ్ ముందు ఏడవకూడదని స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ తలుపు కొట్టి, "ఫుట్‌బాల్ గెలిచినా ఏడుస్తారా?" అని అడిగింది. అవునన్నాను.

డార్లీన్ పంపిన లెక్క కూడా చూశాను. ఆర్లిస్ మీద పద్దెనిమిదో నిమిషంలో బంతిని తన్నించకుండా కర్ట్ చేత ఎందుకు విసిరించావో నాకు అర్థం కాలేదు. అడగడం లేదు, అర్థం కాలేదని చెబుతున్నాను, అంతే.

ఇంకొక్క సంగతి. బర్డెట్‌కి ఎప్పుడూ తీసివేతలు రావు, నీకూ రావు. రెండు కాదురా, మూడు. సెల్డెన్‌తో ఆటలో మంచు కురుస్తుండగా నువ్వు విసిరిన పొడుగాటి పాసు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు లెక్కపెట్టుకున్న పంతొమ్మిదిలో అది తప్పకుండా ఉండి ఉంటుంది. అది మనవాడి చేతిలో పడకముందే నేలను తాకింది, అంటే పట్టినట్టు లెక్క కాదు. మంచులో రెఫరీకి కనపడలేదు. నేను అంచునే ఉన్నాను, నాకు కనపడింది. పెన్సిలు పట్టుకుని నీ వంక చూశాను. నువ్వు రెండు చేతులూ పైకెత్తి ఎగురుతున్నావు.

గీత వేసేశాను.

అల్బీనా అత్త